ఓవర్‌క్లాక్ చేసిన పీసీలో మదర్‌బోర్డు పోతే: రిపేరా, కొత్త బోర్డా? ఎయిర్ కూలరా, లిక్విడ్ కూలరా?

ప్రాసెసర్ టెంపరేచర్ 66 డిగ్రీలు చూపిస్తుంటే పీసీకి ఢోకా లేదనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఏఎండీ వాళ్ల రైజెన్ 7 2700 ప్రాసెసర్‌ని అన్ని కోర్లకీ 4 గిగాహెర్ట్జ్, 1.375 వోల్టులు పెట్టి ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన స్పీడు కన్నా ఎక్కువతో నడిచేలా చేసి, దాంతోపాటు పెట్టెలో వచ్చిన రెయిత్ స్పైర్ కూలర్ తీసేసి వేడిని ద్రవంతో రేడియేటర్ దాకా మోసుకెళ్లే 240 ఎంఎం లిక్విడ్ కూలర్ బిగించాను. అంతకుముందు వీడియో రెండర్ పెడితే 85 దాటేది, కూలర్ మార్చాక 66 దగ్గర ఆగిపోయింది. ఎనిమిది నెలలు ఏ ఇబ్బందీ లేదు. మే నెలలో ఒక మధ్యాహ్నం, విజయవాడలో మా పై అంతస్తు గదిలో, రెండర్ సగంలో ఉండగా స్క్రీన్ ఠక్కున ఆరిపోయింది. సైడ్ గ్లాస్ తీస్తే గుప్పున కాలిన వాసన. టార్చి వేసి చూస్తే ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పక్కన వరుసగా ఉండే నల్లటి చిన్న చిప్పుల్లో ఒకదాని మీద గుండుసూది మొనంత కన్నం ఉంది, దాని చుట్టూ బోర్డు గోధుమ రంగుకి తిరిగింది.

ఆ చిప్పులే మాస్‌ఫెట్‌లు, కరెంటుని చకచకా ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులు. అవి, పక్కనుండే చోక్‌లు (తీగ చుట్లు), కెపాసిటర్లు కలిపి వీఆర్ఎం అంటారు. పీసీ పవర్ సప్లై డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి కావాల్సిన వోల్టు చిల్లరకి దించేది ఇదే. ఓవర్‌క్లాక్ బరువంతా దీని మీదే పడుతుంది. స్పీడు పెంచితే కరెంటు వాడకం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, కానీ వోల్టేజీ పెంచితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 3.4 గిగాహెర్ట్జ్ నుంచి 4కి, 1.2 వోల్టుల నుంచి 1.375కి వెళ్తే లెక్క ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ప్రాసెసర్ 150 వాట్లు లాగుతుంటే 1.375 వోల్టుల దగ్గర అది వంద ఆంపియర్ల పైమాటే. మూడు కిలోవాట్ల ఇంటి కనెక్షన్ మొత్తం వాడినా మెయిన్‌లో పారేది 13 ఆంపియర్లే, పోల్చి చూసుకోండి. ఈ దించే పనిలో పది పదిహేను శాతం వేడిగా పోతుంది, అంటే దాదాపు ఒక సోల్డరింగ్ ఐరన్ వేడి రెండు వేళ్ల వెడల్పు జాగాలో పుడుతుంది. పైగా మాస్‌ఫెట్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది.

నా బోర్డు ఎంట్రీ లెవెల్ బీ450, నాలుగు ఫేజ్‌లది, అంటే ప్రాసెసర్ కరెంటుని పంచుకునే దారులు నాలుగే. ఆ చిప్పుల మీద వేడి లాగే లోహపు దిమ్మ, అదే హీట్‌సింక్ కూడా లేదు. అయినా మొదట్లో ఎందుకు నిలబడిందంటే, రెయిత్ స్పైర్ ఫ్యాను గాలిని కిందికి, బోర్డు వైపుకి ఊదుతుంది. ప్రాసెసర్‌ని చల్లార్చాక ఆ గాలి చుట్టూ విరజిమ్మి వీఆర్ఎం మీద నుంచి పోయేది. లిక్విడ్ కూలర్ పెట్టగానే సాకెట్ చుట్టూ గాలి కదలడమే మానేసింది. అందుకే కూలర్ ఎంచుకునేటప్పుడు ప్రాసెసర్ ఎంత చల్లబడుతుందన్న ప్రశ్న పక్కనే, బోర్డుకి గాలి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న కూడా వేసుకోమని ఇంత వివరంగా చెబుతున్నాను.

ముందు, పోయింది బోర్డేనా?

ఏది కొనాలో తేల్చుకునే ముందు ఏది పోయిందో తేల్చుకోవాలి. ఈ తొందరలోనే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే రాకపోతే అది చాలాసార్లు బోర్డు సమస్యే కాదు. ఓవర్‌క్లాక్ సెట్టింగు కుదరక కూడా అలా అవుతుంది, అప్పుడు కరెంటు తీసేసి గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ ఐదు నిమిషాలు బయటపెట్టి మళ్లీ పెడితే బోర్డు సెట్టింగులు ఉండే బయోస్ మొదటికొస్తుంది. తర్వాత ర్యామ్ ఒక్కటే ఉంచి, నాలుగు స్లాట్ల బోర్డయితే సాకెట్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. బోర్డు మీద డీబగ్ లైట్లు ఉంటే ఏ లైటు దగ్గర ఆగుతోందో చూడండి, సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది. రైజెన్ 2700 లాంటి వాటిలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి మానిటర్ కేబుల్ బోర్డు హెచ్‌డీఎంఐకి పెడితే ఎప్పటికీ బొమ్మ రాదు. గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. ఈ ఒక్క పొరపాటుకే బోర్డు విప్పి షాపుకి తీసుకెళ్లిన వాళ్లని చూశాను.

అసలు పవర్ బటన్ నొక్కితే ఒక్క క్షణం ఫ్యాన్లు కదిలి ఆగిపోతున్నాయా? టక్కుమని శబ్దం వచ్చి ఏమీ లేదా? అప్పుడు అనుమానం వీఆర్ఎం మీదకి వెళ్లాలి. దీనికి నేను చేసిన పరీక్ష చాలా సులువు. ప్లగ్ పీకేసి, బోర్డుకి పైన ఎడమ మూల ఉండే 8 పిన్నుల ప్రాసెసర్ పవర్ కేబుల్ ఒక్కటీ తీసేయాలి, పెద్ద 24 పిన్నుల కేబుల్ అలాగే ఉంచాలి. మళ్లీ ప్లగ్ పెట్టి బటన్ నొక్కితే ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతున్నాయనుకోండి, కేబుల్ పెట్టగానే మళ్లీ ఆరిపోతోందనుకోండి, ప్రాసెసర్‌కి పవర్ ఇచ్చే దారిలో షార్ట్ ఉన్నట్టే. నా బోర్డు సరిగ్గా ఇలాగే చేసింది.

మల్టీమీటర్ ఉంటే ఇంకా రూఢి చేసుకోవచ్చు. కేబుళ్లన్నీ తీసేసి బోర్డు మీద ఆ 8 పిన్నుల సాకెట్‌లో ఒక వరుస నాలుగూ 12 వోల్టులవి, రెండో వరుస నాలుగూ గ్రౌండ్. రెండు వరుసల మధ్య మీటర్ బజర్ మోగుతూనే ఉంటే షార్ట్. బాగున్న బోర్డులో ఒకసారి కిందికి పడి మెల్లగా నిరోధం పెరుగుతుంది. ఒక జాగ్రత్త: చోక్‌ల మీద కొలిచి "ఇక్కడ సున్నా చూపిస్తోంది, షార్టే" అని తేల్చేయకండి. ప్రాసెసర్ కోర్ లైను నిరోధం మామూలుగానే చాలా తక్కువ, అక్కడ బజర్ మోగడం సహజం.

ఎస్ఎంపీఎస్ సంగతి కూడా చూడాలి. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరుని పక్కనున్న నల్ల వైరుకి పేపర్ క్లిప్‌తో కలిపితే ఎస్ఎంపీఎస్ ఒంటరిగా ఆన్ అవుతుంది. పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. అయితే లోడ్ లేనప్పుడు సరిగ్గా చూపించిందంటే బాగున్నట్టు కాదు, వీలైతే తెలిసినవాళ్ల మంచి ఎస్ఎంపీఎస్ ఒక గంట అరువు తెచ్చుకోవడమే మేలు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. అనుమానం ఉన్న బోర్డులో కొత్త ప్రాసెసర్ పెట్టి చూడకండి. 12 వోల్టుల వైపు ఉండే మాస్‌ఫెట్ షార్టయితే 12 వోల్టులు నేరుగా ప్రాసెసర్‌లోకి పోతాయి. ఒకటిన్నర వోల్టు కూడా తట్టుకోలేని దానికి 12 వోల్టులు. "ప్రాసెసర్ పోయిందేమో, వేరేది పెట్టి చూద్దాం" అని తమ్ముడి పీసీలోది తీసి పెడితే రెండూ పోతాయి. పాత ప్రాసెసర్‌నే వేరే చవక బోర్డులో పెట్టి చూడటం దానికన్నా ఎన్నో రెట్లు నయం. 2700 కూర్చునే ఏఎం4 సాకెట్ మీద కూలర్ తీసేటప్పుడు కూడా తొందర వద్దు, కూలర్ కింద పూసిన పేస్ట్ గట్టిపడి ప్రాసెసర్ కూలర్‌కి అంటుకుని సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. పీసీ ఇంకా ఆన్ అవుతుంటే కాసేపు నడిపి వేడెక్కాక ఆపేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.

బోర్డు రిపేర్ చేయించాలా, కొత్తది కొనాలా?

ముందు వారంటీ చూసుకోండి. కానీ కాలిన మరక కనబడితే చాలా సర్వీస్ సెంటర్లలో తీసుకోరు, ఓవర్‌క్లాక్ వల్ల పోయిన ప్రాసెసర్ తమ వారంటీలోకి రాదని ఏఎండీ కూడా స్పష్టంగానే రాసింది.

చిప్ లెవెల్ సర్వీస్ అంటే పోయిన మాస్‌ఫెట్ పీకి కొత్తది వేయడం. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనం సీటీసీ అనేది, ఆ చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్లు ఉన్నారు. విజయవాడలోనూ దొరుకుతారు. నేను చేయించాను, బోర్డు బతికింది, అదృష్టం కొద్దీ ప్రాసెసర్ కూడా బతికింది. ఒకటీ రెండూ మాస్‌ఫెట్‌లు పోయి బోర్డు పైన రంగు మాత్రమే మారితే రిపేరుకి ఇవ్వొచ్చు. బోర్డు పొరలు ఉబ్బినా, నల్లగా బొగ్గులా మారినా, పక్కనున్న రాగి గీతలు లేచిపోయినా ఇవ్వకండి. బోర్డులో లోపల కూడా పొరలుంటాయి, అక్కడ కాలింది పైన ఎంత సోల్డర్ చేసినా బాగవదు. నా మాట ఏంటంటే, రిపేరయిన బోర్డుని మళ్లీ ఓవర్‌క్లాక్ చేయొద్దు. ఒక చిప్పు చచ్చిన చోట మిగతావి అదే వేడిని అన్ని నెలలూ తిన్నాయి. ఆఫీసు పనికి, పిల్లల చదువుకి ఆ బోర్డు వాడుకోండి.

కొత్త బోర్డు అంటే ఇక్కడ ఒక చిక్కు ఉంది. రైజెన్ 2000 సిరీస్ ప్రాసెసర్ బతికి ఉంటే బీ550 బోర్డు కొనేయకండి, అది అధికారికంగా 3000 సిరీస్ నుంచే సపోర్ట్ చేస్తుంది. మంచి వీఆర్ఎం ఉన్న బీ450 లేదా ఎక్స్470 సెకండ్ హ్యాండ్‌లో వెతకాలి. ఎంఎస్ఐ బీ450 టోమాహాక్ మ్యాక్స్ లాంటివి ఈ విషయంలో మంచి పేరు తెచ్చుకున్నాయి. ప్రాసెసర్ కూడా పోయిందా, అప్పుడు దారి తేలికే: బీ550 బోర్డు, రైజెన్ 5 5600 లేదా 5700ఎక్స్. మీ డీడీఆర్4 ర్యామ్ పనికొస్తుంది, ఈ రెండు ప్రాసెసర్లూ 65 వాట్లవే, పాత 2700 ఓవర్‌క్లాక్ చేసినా అందుకోలేని వేగం మామూలుగానే ఇస్తాయి. 5700ఎక్స్‌తో కూలర్ రాదు, ఆ ఖర్చు కలుపుకోండి. ఏఎండీ తర్వాతి సాకెట్ ఏఎం5కి వెళ్తే ర్యామ్ కూడా డీడీఆర్5 కొనాలి. గేమ్‌ల కోసం ఎలాగూ పెద్ద మార్పు చేద్దామనుకున్నవాళ్లకే అది. ఏ320, ఏ520 బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగే ఉండదు. ఇంటెల్‌లో కే అక్షరం ఉన్న ప్రాసెసర్, జడ్ సిరీస్ బోర్డు రెండూ ఉండాలి.

బోర్డు పెట్టె మీద "10 ఫేజ్‌లు" అని రాసి ఉంటే దాన్ని చూసి నమ్మేయకండి, జంటలుగా వేసి రెట్టింపు లెక్క చెప్పేవి ఉన్నాయి. బోర్డు చేతిలోకి తీసుకుని చూడండి. వీఆర్ఎం మీద బరువైన అల్యూమినియం దిమ్మ, చీలికలతో, వెనక నుంచి స్క్రూలతో బిగించి ఉందా? పల్చటి రేకు మీద లైట్లు, బొమ్మలు మాత్రమే ఉన్నాయా? చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

ఒక మాట, ప్రతి క్రాష్‌కీ వేడే కారణం కాదు. 2023లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోతే, బయోస్ అప్‌డేట్లతో ప్రాసెసర్‌లో కోర్లు కాని భాగానికి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజీని 1.3 దగ్గర కట్టడి చేశారు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీ వల్ల దెబ్బతింటుంటే 2024 ఆగస్టులో దాన్ని అదుపు చేసే 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) బయోస్ అప్‌డేట్‌గా వచ్చింది, వారంటీని ఇంకో రెండేళ్లు పెంచారు. మీది ఆ తరాలదైతే కూలర్ కొనే ముందు బయోస్ అప్‌డేట్ చేయండి, అది ఉచితం.

కూలర్ల విషయానికొస్తే

రిపేరయిన బోర్డు మీద నేను ఒక పరీక్ష చేశాను. డీటీ838 మల్టీమీటర్‌తో సన్నటి టెంపరేచర్ వైరు ఒకటి వస్తుంది, చవక మీటరే. ఆ వైరు కొసని వీఆర్ఎం వెనక, బోర్డు వెనక వైపు, వేడికి ఊడని టేపుతో అంటించాను. గది 34 డిగ్రీలు. ఓవర్‌క్లాక్ లేదు, అంతా మామూలు సెట్టింగులే. ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రామ్‌తో పది నిమిషాల పరీక్ష. లిక్విడ్ కూలర్‌తో ప్రాసెసర్ 61, బోర్డు వెనక 88. అదే బోర్డుకి పాత రెయిత్ స్పైర్ బిగిస్తే ప్రాసెసర్ 78, బోర్డు వెనక 69. మామూలు సెట్టింగుల్లోనే 88 ఉంటే, ఒకటిన్నర రెట్లు పవర్ వేసిన ఆ మే మధ్యాహ్నం ఎంత ఉండి ఉంటుందో ఆలోచిస్తే ఇప్పటికీ బాధేస్తుంది, ఆ కొలత ముందే తీసి ఉంటే బోర్డు కాలి ఉండేది కాదు.

మీ బోర్డులో వీఆర్ఎం సెన్సర్ ఉంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 అనే ప్రోగ్రామ్‌లోనే కనిపిస్తుంది. ఎంట్రీ లెవెల్ బోర్డుల్లో చాలావాటికి ఉండదు. అప్పుడు ఇంకో గుర్తు ఉంది. ప్రాసెసర్ 65 డిగ్రీల్లోనే ఉండి, ఎక్కువ పని పెట్టిన కాసేపటికి స్పీడు ఒక్కసారిగా బాగా పడిపోయి కొన్ని సెకన్లకి మళ్లీ లేస్తోందా? హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రోక్‌హాట్ ఎక్స్‌ట్ అన్న లైను దగ్గర యస్ అని పడిందా? ప్రాసెసర్‌ని ఆపమని బోర్డు మొత్తుకుంటోందన్నమాట. ఆ గుర్తు కనబడిన రోజే ఓవర్‌క్లాక్ తీసేయాలి.

మన ఎండల్లో ఇంకో సంగతి మర్చిపోకూడదు. ఎయిర్ కూలరైనా లిక్విడ్ కూలరైనా గది కన్నా చల్లగా చేయలేదు. ప్రాసెసర్ గది కన్నా 45 డిగ్రీలు ఎక్కువ ఉంటుందనుకోండి, జనవరిలో గది 24 ఉంటే 69 చూపిస్తుంది, మేలో గది 38 ఉంటే అదే పనికి 83. సంక్రాంతికి చేసిన ఓవర్‌క్లాక్ మే నెలకి సరిపోదు. రామగుండం, ఖమ్మం, రెంటచింతల వైపు ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇక పోలిక. పెట్టెలో వచ్చే చిన్న కూలర్ బోర్డుకి మంచిదే, కానీ ఓవర్‌క్లాక్‌కి చాలదు, చప్పుడు కూడా ఎక్కువ. వేడిని మోసే నాలుగు పైపులతో నిలువుగా ఉండే టవర్ కూలర్, డీప్‌కూల్ ఏకే400, కూలర్ మాస్టర్ హైపర్ 212 లాంటివి, చాలామందికి నేను చెప్పే ఎంపిక. టవర్ ఫ్యాను గాలి వెనక్కి పోతూ వీఆర్ఎం పై దిమ్మని కొంతైనా తాకుతుంది, వెనక క్యాబినెట్ ఫ్యాను ఆ గాలిని లాగేస్తుంది. దీని ఫ్యాను పోతే కొన్ని వందలు పెట్టి ఏ 120 ఎంఎం ఫ్యానైనా బిగించుకోవచ్చు, అంతవరకు ఆ లోహపు దిమ్మ పీసీ మెల్లగా నడిచేంత చల్లదనం ఇస్తుంది. లిక్విడ్ కూలర్‌లో పంపు ఆగిందంటే నిమిషాల్లో పీసీ ఆరిపోతుంది, పంపుకి రిపేరు లేదు, ట్యూబుల గుండా నీళ్లు ఏళ్ల తరబడి కొంచెం కొంచెం ఆవిరవుతూనే ఉంటాయి. చిన్న ఊళ్లో ఉండి పీసీ మీదే సంపాదించుకునేవాళ్లు ఇది గట్టిగా ఆలోచించాలి.

అలాగని లిక్విడ్ కూలర్ వద్దని కాదు. కోర్ ఐ7 14700కే, రైజెన్ 9 9950ఎక్స్ లాంటివాటిని గంటల కొద్దీ పూర్తి లోడ్‌లో నడిపేవాళ్లకి 360 ఎంఎం కూలర్ అవసరమే, అయితే అలాంటి ప్రాసెసర్ కొనేవాళ్లు బోర్డు కూడా ఆ స్థాయిదే కొనాలి. లేదా ఆర్కటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 2 లాగా పంపు మీదే వీఆర్ఎం కోసం 40 ఎంఎం ఫ్యాను ఉన్నది చూసుకోండి. తయారు చేసినవాళ్లకి ఈ సమస్య తెలుసు కాబట్టే ఆ చిన్న ఫ్యాను పెట్టారు. రేడియేటర్ పైన బిగిస్తే గాలి వీఆర్ఎం మీదుగా పైకి పోతుంది. ముందు బిగిస్తే రేడియేటర్ పై భాగం పంపు కన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే గాలి బుడగ పంపులో చేరి గరగరమంటుంది. ముందు భాగం మొత్తం గ్లాసు ఉన్న క్యాబినెట్‌లో మాత్రం ఏ కూలర్ పెట్టినా డబ్బు దండగ, జాలీ ఉన్నది తీసుకోండి. దుమ్ము నెలకోసారి ఊదండి, బల్లులు దూరే కన్నాలు మూయండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంటే అన్నిటికన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి.

ఓవర్‌క్లాక్ అసలు కావాలా అన్నది కూడా ఎంపికే. నేను 2700ని 4 దగ్గర కట్టేశాను కదా, అది మామూలుగా ఒక్క కోర్ పనికి 4.1 దాకా తనంతట తనే వెళ్తుంది. అంటే ఆటల్లో, బ్రౌజర్‌లో నేను పోగొట్టుకున్నదే ఎక్కువ, లాభం రెండర్‌లో మాత్రమే. రైజెన్ 5000 తర్వాతివి ఉన్నవాళ్లు బయోస్‌లో ఉండే కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగుతో వోల్టేజీ తగ్గించి చూడండి. వేడి తగ్గుతుంది, చాలాసార్లు స్పీడు కూడా కొంచెం పెరుగుతుంది, వీఆర్ఎం మీద బరువూ తగ్గుతుంది. ఇప్పుడు నా దగ్గర బీ550 బోర్డు, 5700ఎక్స్, నాలుగు పైపుల టవర్ ఉన్నాయి, ఓవర్‌క్లాక్ లేదు, పాత సెటప్ కన్నా రెండర్ త్వరగా అవుతోంది.

ఇప్పటికే లిక్విడ్ కూలర్, హీట్‌సింక్ లేని వీఆర్ఎం, ఓవర్‌క్లాక్ మూడూ ఉన్నవాళ్లు కొత్త బోర్డు, కొత్త కూలర్ కొనక్కర్లేదు. ఒక 80 లేదా 120 ఎంఎం ఫ్యానుని జిప్ టైలతో పై జాలీకి కట్టి గాలి నేరుగా ఆ నల్ల చిప్పుల మీద పడేలా వంచండి, వైర్లు రెక్కలకి తగలకుండా చూసుకోండి. అది కట్టే వరకు బయోస్‌లో వోల్టేజీని ఆటోకి మార్చి, ఓవర్‌క్లాక్ తీసి ఉంచండి.